లేని పేజీ చదివిన పిల్ల

గురువారం, మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలు. ఎ.కొండూరు దగ్గర ఒక పల్లెలో, రెండు గదుల బడి వరండాలో, నాలుగో తరగతి పిల్ల నాగమణి ముందు ఒక తెల్లకాగితం పెట్టాను. దానిమీద నా చేత్తో రాసిన వాక్యం ఒక్కటే ఉంది. అది చదివితే ఆ పిల్ల బడిలో ఉంటుంది. చదవలేకపోతే మర్నాడు పొద్దున్నే తల్లితో కలిసి మిరపకాయల కోతకు ఆటో ఎక్కుతుంది. ఎక్కితే ఇక బడికి రాదు. ఆ పరిస్థితి తెచ్చింది కరువు కాదు, తల్లి కాదు. నేను.

నేను తిరువూరు వాణ్ణి. పేరు మస్తాన్. ముప్పై ఏళ్లు చుట్టుపక్కల ప్రాథమిక పాఠశాలల్లో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఎక్కడెక్కడికి బదిలీ అయ్యానో, ఎప్పుడే ఇంక్రిమెంటు వచ్చిందో ఇక్కడ రాయను. అవి సర్వీసు రిజిస్టరులో ఉన్నాయి, అక్కడ కూడా ఎవరూ చదవరు. ఇప్పుడు టీచరు ట్రైనింగు చదివే పిల్లలు సాయంత్రాలు మా ఇంటికి వస్తుంటారు. సైకాలజీ పేపరులో అభ్యసన నియమాలు అర్థం కావడం లేదు, చెప్పండి సార్ అంటారు. నియమాలు మీ గైడులో ఉన్నాయి. అందులో తప్పేమీ లేదు. కానీ గైడులో ఉన్న నియమం క్లాసులోకి నడిచి వచ్చినప్పుడు మెడలో పేరు రాసుకుని రాదు. అది మీ ముందే నిలబడి ఉన్నా మీరు గుర్తుపట్టరు. నేను గుర్తుపట్టలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

కంట్లో దూది

ముందు నా సంగతి చెప్పాలి, లేకపోతే నేను చేసిన తప్పు ఎంత పెద్దదో మీకు తెలియదు.

మాది పరుపులు కుట్టే కుటుంబం. దూది ఏకే విల్లు భుజాన వేసుకుని మా నాన్నతో విస్సన్నపేట, పెనుగొలను, వాటి మధ్య ఊళ్లన్నీ తిరిగేవాణ్ణి. పంతొమ్మిదేళ్లు వచ్చేదాకా నాకు అక్షరం ముక్క రాదు. రాదన్న సంగతి మాత్రం ఎవరికీ తెలియనివ్వలేదు. బస్టాండులో విస్సన్నపేట బస్సు ఏదో డ్రైవరు మీసాన్ని బట్టి పోల్చుకునేవాణ్ణి. ఆయన సెలవు పెడితే నేనూ ఆగిపోయేవాణ్ణి. ఎవరైనా శుభలేఖ ఇస్తే అటూ ఇటూ తిప్పి "అచ్చు బాగా వేయించారండీ" అనేవాణ్ణి. ఏదైనా చదివి పెట్టమంటే కన్ను నలుపుకుని, దూది పడిందండీ, మండుతోంది అనేవాణ్ణి. దూది పనివాణ్ణి కాబట్టి అందరూ నమ్మేవాళ్లు.

మా చెల్లి హసీనా అప్పుడు ఐదో తరగతి. ఒకరోజు ఇంట్లో ఎవరూ లేని వేళ చూసుకుని నా పక్కన కూర్చుంది.

"అన్నా, నీ కంట్లో దూది ఎన్నేళ్ల నుంచి ఉంది?"

"పోవే అవతలికి" అన్నాను.

పోయింది. మర్నాడు మళ్లీ ఎవరూ లేని వేళ సుద్దముక్క పట్టుకుని వచ్చి, దూది ఏకే చెక్క మీద నా పేరు రాసి, దాని పక్కన కూర్చుంది. రోజూ అంతే. ఎనిమిది నెలల్లో నాకు చదవడం వచ్చింది. ఆ ఎనిమిది నెలల్లో అది మా అమ్మకు కూడా ఈ మాట చెప్పలేదు. పదేళ్ల పిల్ల. ఏ ట్రైనింగు కాలేజీకీ పోలేదు. నేను ఆ తర్వాత పదో తరగతి ప్రైవేటుగా రాసి, ఇంటరు రాసి, ట్రైనింగు చేసి, ముప్పై ఏళ్లకు మాస్టారునయ్యాను. నాకు తెలిసిన ఉపాధ్యాయుల్లో అందరికంటే మంచి ఉపాధ్యాయురాలు ఎవరంటే ఇప్పటికీ మా చెల్లి పేరే చెబుతాను.

మంగళవారం

ఇక తప్పు. అప్పటికి నాకు ఇరవయ్యేళ్ల సర్వీసు. ఆ బడికి వచ్చి ఐదు నెలలు. మూడు, నాలుగు, ఐదు తరగతులు మూడూ ఒకే గదిలో, నా దగ్గరే. అప్పుడే శిరీష అని ఒక అమ్మాయి టీచింగ్ ప్రాక్టీసుకు వచ్చింది. విస్సన్నపేట వైపు రైతుల అమ్మాయి, తెలివైనది, రోజూ రికార్డు పుస్తకంలో ఎర్ర గీతలూ నీలం గీతలూ కొట్టుకుని తెచ్చేది. ఆ అమ్మాయి వెనక బెంచీలో కూర్చుని నా పాఠం చూస్తుంటే నాకు కొంచెం ఒళ్లు పొంగింది. ఈ సంగతి దాచను.

ఆ రోజు వాన గురించిన పాఠం చదవమన్నాను. నాగమణి లేచి గడగడా చదివింది. ఆ పిల్ల ఎప్పుడూ అంతే, తడుముకునేది కాదు. వేలు వరస వెంట పరుగెత్తేది. నాకు ఏదో తేడాగా అనిపించి దగ్గరికి వెళ్లి పుస్తకంలోకి చూశాను. పాఠం మధ్యలో ఒక ఆకు లేదు. చిరిగిపోయింది. ఆ పిల్ల లేని పేజీని కూడా చదివేసి, వేలు మాత్రం తరవాతి పేజీ మీద పెట్టుకుని ముందుకు పోతోంది.

నాకు వెంటనే అర్థమైంది. కిందటేడు మూడో తరగతిలో కూర్చుని, పక్క వరసలో నాలుగో తరగతి వాళ్లు చదివిన పాఠాలన్నీ చెవులతో పట్టేసింది. ఈ పని ఎలా చేస్తారో నాకంటే బాగా తెలిసినవాడు ఆ మండలంలో ఉండడు. అప్పుడు నేనేం చెయ్యాలి? మా చెల్లి చేసినట్టు ఎవరూ లేనప్పుడు పక్కన కూర్చోవాలి. నేనేం చేశాను? శిరీష వైపు ఒకసారి చూసి, పుస్తకం పైకెత్తి పట్టుకుని అన్నాను.

"ఏమ్మా నాగమణీ, నువ్వు చదివిన పేజీ ఇందులో లేదే! గాల్లో చదివావా?"

గది గదంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ పిల్ల నవ్వలేదు. పుస్తకం తీసుకుని సంచిలో పెట్టుకుని కూర్చుంది. మధ్యాహ్నం అన్నం తినకుండా ఇంటికి వెళ్లిపోయింది. బుధవారం రాలేదు. గురువారం రాలేదు.

శుక్రవారం శిరీష నా దగ్గరికి వచ్చి నిలబడింది.

"సార్, ఒకటి అడగొచ్చా? ఆ రోజు మీరు చేసిన దాన్ని ఏ సిద్ధాంతం కింద రాసుకోమంటారు?"

వెటకారం కాదు. నిజంగానే రికార్డులో రాసుకోవడానికి అడిగింది. అందుకే ఎక్కువ తగిలింది.

గంట, కడుపునొప్పి

శనివారం వాళ్లింటికి వెళ్లాను. తల్లి తిరపతమ్మ వాకిట్లో మేకకు ఆకు వేస్తోంది. కూలి పని చేసుకుని ఒక్కతే పిల్లని పెంచుకుంటున్న మనిషి.

"మాస్టారా? రండి. కుర్చీ లేదు, మంచం మీద కూర్చోండి."

"నాగమణికి ఒంట్లో ఎలా ఉందమ్మా?"

"కడుపునొప్పి. పొద్దున బడి గంట కొడితే వచ్చిద్ది, సాయంత్రం గంట కొడితే పోయిద్ది. దానికి మందు మీ దగ్గరే ఉన్నట్టుంది."

కుక్కకు గంట కొట్టి అన్నం పెడితే, కొన్నాళ్లకు గంట వినగానే దాని నోట్లో నీళ్లు ఊరతాయని మీరు చదివే ఉంటారు. పరీక్షలో బొమ్మ కూడా వేస్తారు. ఒక్కరోజు నవ్వుతో అదే గంటను నేను కడుపునొప్పిగా మార్చాను. ఫలిత నియమం అని ఇంకొకటి చదువుతారు. సంతోషం ఇచ్చిన పని మళ్లీ చేస్తారు, బాధపెట్టిన పనికి దూరంగా పోతారు అని. పిల్ల పుస్తకం తెరిచింది, బాధపడింది, దూరంగా పోయింది. నియమం చక్కగా పనిచేసింది. నియమాలు మీరు మంచి చేసినా పనిచేస్తాయి, చెడు చేసినా పనిచేస్తాయి. ఈ ఒక్క మాట ఏ గైడులోనూ రాయరు.

తిరపతమ్మ ఊరుకోలేదు.

"నా కూతురు గడగడా చదివిద్దని వాడకట్టంతా చెప్పుకున్నా. అదంతా ఉత్తుత్తిదేనంటగా? నాలుగేళ్లు బడికొచ్చింది. మరి నాలుగేళ్లూ ఆ బళ్లో మీరంతా ఏం చేస్తున్నట్టు?"

నేనొచ్చి ఐదు నెలలే అయిందని చెప్పబోయి మానేశాను. "తప్పు మాదేనమ్మా. కానీ పిల్ల తెలివైంది. చదువు వచ్చి తీరుతుంది. నాకు అక్షరాలు పంతొమ్మిదేళ్లకు వచ్చాయి."

"అయితే దీనికింకా పదేళ్లు టైముందిలే" అంది.

నాకు నవ్వొచ్చింది. ఆమెకు రాలేదు.

"మూడు వారాల్లో కోత మొదలవుద్ది. ఆ శుక్రవారం మేస్త్రీ ఆటో పంపిస్తానన్నాడు. పొలం దగ్గర పాకల్లోనే రెండు నెలలు ఉండాలి. దీన్ని వదిలేసి పోయేదెట్టా? చదువు వచ్చిద్దంటే మా పిన్ని ఇంట్లో ఉంచి పోతా, రాకపోతే నాతోపాటే తీసుకుపోతా. ముందురోజు గురువారం నేనే బడికొచ్చి చూస్తా."

లోపల తలుపు చాటు నుంచి పిల్ల గొంతు వినిపించింది. "శిరీష టీచరు ఉంటదా?"

"వద్దంటే ఉండదమ్మా."

కొంచెం ఆలోచించుకుంది. "ఉండొచ్చు. మగపిల్లలు ఉండకూడదు."

సంసిద్ధతా నియమం అంటే పాఠ్యపుస్తకంలో అరపేజీ ఉంటుంది. నాకు మాత్రం సంసిద్ధత అంటే తలుపు చాటు నుంచి వచ్చిన ఆ రెండు మాటలు. పిల్ల షరతు పెట్టిందంటే సిద్ధంగా ఉన్నట్టే. ఆ షరతు ఒప్పుకోవడం మీ పని.

కత్తెర

సోమవారం నుంచి మధ్యాహ్నం భోజనాల విరామంలో వరండాలో కూర్చోవడం మొదలుపెట్టాం. మిగతా పిల్లలు గదుల వెనక తిని ఆడుకునేవాళ్లు. మొదటిరోజు శిరీష అక్షరాల చార్టు పట్టుకొచ్చింది.

"ఈ పిల్లకి ఏం తెలుసమ్మా?" అని అడిగాను.

"ఏమీ తెలీదు సార్. అక్షరాల్లో సగం కూడా సరిగ్గా రావు."

"నీ రికార్డులో ప్రతి పాఠానికీ ఏదో రాస్తావు, తెలిసినదాని నుంచి..."

"తెలియనిదానికి."

"మరి తెలిసినదేదో చూడు. పాఠం మొత్తం తెలుసు. మొదటి మాట నుంచి చివరి మాట దాకా. నీకూ రాదు, నాకూ రాదు."

కత్తెర తీసి నా పుస్తకంలోని వాన పాఠాన్ని వరసలుగా, వరసల్ని మాటలుగా కత్తిరించాను. పాఠం పైకి చెబుతూ ఒక్కో మాట ముక్కను వరసలో పేర్చాలి. అంతే ఆట. తన నోట్లో ఉన్న మాట కాగితం మీద ఎలా ఉంటుందో పిల్లే వెతుక్కోవాలి. తప్పు పెడితే నేను చెప్పకూడదు, తరవాతి ముక్క కుదరనప్పుడు తనకే తెలుస్తుంది. యత్నదోష పద్ధతి అని ఐదు మార్కులకు రాసేది ఇదే. పెట్టెలో పెట్టిన పిల్లి తలుపు ఎలా తీసుకుందో రాస్తారు కదా. పిల్లికి ఎవరూ చెప్పలేదని కూడా గుర్తుంచుకోండి. మనం చెప్పకుండా ఉండలేం. మన నోరు ఊరుకోదు.

రెండోరోజు హెడ్మాస్టరు కోటేశ్వరరావు గారు వచ్చి చూశారు. ఆయన కోపిష్టి అని పేరు.

"మస్తాన్ గారూ, ఏంటిది?"

"పుస్తకమండి."

"అది తెలుస్తోంది. ఇన్నేళ్లలో చింపిన పుస్తకాలు చాలా చూశాను. కత్తెరతో పద్ధతిగా కోసింది ఇదే చూడటం."

సంగతి చెప్పాను. మొత్తం విన్నారు. ఒక ముక్క తీసి వెనక్కి తిప్పారు. "వెనక పేజీ అచ్చు ఏం కావాలి? ఇటు మాటలు కోస్తే అటు మాటలు సగానికి తెగాయి. వెనకవైపు కూడా పాఠమేగా? వైపుకొకటి చొప్పున రెండు పుస్తకాలు ఉండాలని ఆ మాత్రం తోచలేదా మీకు?" విసవిసా వెళ్లి బీరువాలోంచి ఇంకో పుస్తకం తెచ్చి నా ఒళ్లో పడేశారు. "చెదలు పట్టిందని రాస్తాలే."

నేను చాలామంది హెడ్మాస్టర్ల కింద పనిచేశాను. తీయగా మాట్లాడేవాళ్లు చాలామంది ఉండేవాళ్లు. పిల్లకు పుస్తకం కావాలంటే బీరువా తాళం వెతికేవాళ్లు తక్కువ. మీకు ఎలాంటి హెడ్మాస్టరు దొరికినా, ముందు ఆయన బీరువా సంగతి చూడండి, గొంతు సంగతి తరవాత.

ఇక్కడ అభ్యాస నియమం గురించి ఒక మాట. చేయగా చేయగా వస్తుందనేది నిజమే, కానీ ఏది చేయగా? మొదట్లో నేను పిల్లలకు వందసార్లు రాయమని శిక్ష వేసేవాణ్ణి. ఒక పిల్లాడు పేజీ పైనుంచి కిందికి వరసగా మొదటి అక్షరం ఒక్కటే దింపి, ఆ తరవాత రెండో అక్షరం దింపి, గంటలో పూర్తిచేశాడు. మాట అడిగితే రాలేదు. నిలువు గీతల్లో అక్షరాలు దింపడం మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది. వాడు చేసిందే వాడికి వచ్చింది. వందసార్లు రాయమని పిల్లల్ని అడిగే ముందు మీరు ఇరవైసార్లు రాసి చూసుకోండి, మీ బుర్ర పదోసారికి ఎక్కడుందో తెలుస్తుంది.

రెండు వారాలు ముక్కలు పేర్చాం. కొన్ని రోజులు బాగా సాగేది. కొన్ని రోజులు నాగమణి ముక్కలన్నీ కలిపేసి "నాకు రాదు, నేను పోతా" అని లేచేది. అప్పుడు ఆపేవాణ్ణి కాదు. మర్నాడు వచ్చేది.

మూడో వారం సోమవారం ఒక ముక్క చేతిలో పట్టుకుని చూస్తూ ఉండిపోయింది.

"సార్, ఇది మనది కాదు."

"ఎందుక్కాదు?"

"మన పాఠంలో ఎద్దు లేదు."

ముక్క తిరగబడింది. చివరి ఆకు వెనక ఉన్న తరవాతి పాఠంలో, తెగకుండా మిగిలిన మాట అది. ఎద్దు. ఆ మాట ఎవరూ పైకి అనలేదు. శిరీష లేవబోయింది, కూర్చోమని చేత్తో సైగ చేశాను. చప్పట్లు కొడితే పిల్ల మన మొహం చూస్తుంది. కాగితం చూడదు. "అయితే తీసి పక్కన పెట్టు" అన్నాను, అంతే. ఆ సాయంత్రం శిరీష అడిగింది, "సార్, ఇదేనా అంతర్దృష్టి?" "ఏమో, ఎద్దయితే కనిపించింది" అన్నాను.

ఆ మూడు రోజులూ ముక్కలన్నీ తిరగేసి ఆడాం. నాగమణి నోటివెంట వచ్చిన మాటలు కాగితం మీద రాసి ఇచ్చాం. వాళ్ల మేక గురించి, చిన్నమ్మమ్మ గురక గురించి. కొన్ని చదివేది. ఒత్తులు వస్తే ఆగిపోయేది. గురువారానికి పూర్తిగా వచ్చిందని నేను అనలేను.

గురువారం

తిరపతమ్మ మూడింటికి వచ్చింది. నేను వాన పాఠం తెరవబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"అది వద్దు. అది ఇదివరకు కూడా గడగడా చెప్పింది. నేను నమ్మా." కూతురి వైపు తిరిగి, "బోరింగు దగ్గరికి పోయి నీళ్లు తాగు. పిలిచేదాకా రావద్దు" అంది.

పిల్ల వెళ్లాక నా దగ్గరికి వంగింది. "ఇప్పుడు నేనొక మాట చెబుతా. మీరు రాయండి. అది వచ్చి చదవాలి. దాని చెవినపడని మాట అది చెప్పగలిగితే చదువొచ్చినట్టు. అవునా కాదా?"

చదవడం అంటే ఏమిటో ఇంత తేలిగ్గా చెప్పినవాళ్లను నేను చూడలేదు. ఆమెకు వేలిముద్ర తప్ప రాదు.

ఆమె చెప్పింది రాశాను: *రేపు కోతకి అమ్మ ఒక్కతే పోయిద్ది.*

శిరీష నా చెవి దగ్గర "సార్, పోతుంది అని కదా రాయాలి?" అంది. "వాళ్లింట్లో ఎలా అంటారో అలాగే ఉండనీ" అన్నాను. తిరపతమ్మ కాగితం వైపు చూస్తూ అంది. "చదివితే అది నిజం. చదవకపోతే ఉత్తిదే, చించెయ్యండి."

పిల్లను పిలిచింది. హెడ్మాస్టరు గారు గదిలోంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. పిల్లలు కిటికీ పట్టుకున్నారు. వద్దనడానికి టైము లేదు.

"రే... పు. రేపు." వేలు కదిలింది. "కో... త... కి. కోతకి." ముఖం వాడిపోయింది. "అమ్మ..." అని, కాగితం వైపు చూడకుండానే ఒక్క గుక్కలో, "అమ్మా నేనూ పోతాం" అంది.

పాత అలవాటు. ఏముంటుందని భయపడిందో అదే చదివేసింది. తిరపతమ్మ నా ముఖం వైపు చూసింది. అది తప్పో ఒప్పో ఆమెకు తెలియదు. నేను ముఖం రాయి చేసుకున్నాను. ముప్పై ఏళ్లలో నేను చెప్పిన పాఠాలన్నిటికంటే, ఆ అర నిమిషం నోరు మూసుకుని కూర్చోవడమే కష్టం.

నాగమణి వేలు తియ్యలేదు. వెనక్కి వచ్చింది.

"కాదు సార్. ఇక్కడ 'నే' లేదు." కాగితం మీదికి వంగింది. "ఒ... క... కింద ఇంకో క. ఒక్క. ఒక్క... తే. ఒక్కతే."

చటుక్కున తలెత్తింది. "ఒక్కదానివే పోతావా? మరి నేను?"

తిరపతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొంగు తీసి కాగితం వైపు చూపించింది. "సగంలో ఆపేస్తావేంటే? ఇంకా ఏదో ఉంది చూడు."

"పో... యి... ద్ది. పోయిద్ది."

"ఆఁ. మేస్త్రీకి ఒక మనిషి తక్కువని చెప్పాలి" అని లేచింది తిరపతమ్మ.

తరవాత ఆ పిల్ల కలెక్టరు కాలేదు. పదో తరగతి పాసయింది. ఇప్పుడు విస్సన్నపేటలో మందుల షాపులో పనిచేస్తోంది. చీటీ మీద డాక్టరు గీసిన గీతలు చదివి మందులిస్తుంది. అవి నాకే అర్థం కావు. నేను తృప్తిగా రిటైరయ్యానంటే అలాంటివాళ్లు నలుగురైదుగురు ఉండబట్టే. అందరి విషయంలోనూ అలా జరగలేదు, అది కూడా రాసి పెడుతున్నాను.

ట్రైనింగు పిల్లలు నన్ను ఎప్పుడూ అడుగుతారు, సార్, ఆ పిల్లకి చదువు చెప్పింది మీరేగా అని. కాదు. చదువు ఒక్కరే చెప్పలేరు, నేను చెడగొట్టడం మాత్రం ఒక్కణ్ణే చేశాను. ఆ గురువారం మూడు గంటల పది నిమిషాలకు వరండాలో ఉన్నవాళ్లు వీళ్లు: షరతు పెట్టిన నాగమణి. పరీక్ష పెట్టిన తిరపతమ్మ. రికార్డు పుస్తకం తెరవడం ఆ రోజు మర్చిపోయిన శిరీష. గుమ్మంలో హెడ్మాస్టరు కోటేశ్వరరావు గారు. గిన్నెలు తోముతూ చేతులు తుడుచుకుని వచ్చిన వంటామె సుభద్రమ్మ. కిటికీ దగ్గర నాలుగో తరగతి వాళ్లు: శ్రీను, గోపి, ఖాజా, దుర్గ, మేరీ, వెంకటేశు. నోరు మూసుకుని నేను.